ఎనిమిదోసారి

గది నిండా తడి బంక వాసన.

నేల మీద అట్టముక్కలు, కత్తెర. పళ్ళ చక్రాలు మూడు — ప్రతి చక్రం పళ్ళూ మిగతా రెండింటిలో ఇరుక్కుని.

తిరగవు.

తొమ్మిదేళ్ళ కూతురు పొద్దున్నించీ తిప్పుతూనే ఉంది. అమ్మ బొమ్మలు వేసిన కొత్త పుస్తకంలో పిల్ల చేసే యంత్రం ఇది. మేడెక్కలేని ముసలి పిల్లిని పైకి లాగే యంత్రం. ఏడుసార్లు కూలుతుంది. ఏడుసార్లూ ఆ పిల్ల నవ్వుతూ లేస్తుంది. ఎనిమిదోసారి తిరుగుతుంది.

ఇక్కడ ఎనిమిదోసారి కూడా అయిపోయింది.

"నాకు చేతకాదమ్మా." కూతురు చక్రాలను బల్ల కిందికి తోసేసింది. "ఇంకెప్పుడూ ఏదీ చెయ్యను."

అమ్మ వంగి తీసింది. ఒకదాన్ని కుడికి తిప్పింది. పక్కది ఎడమకు పోవాలి. మూడోది... ఒకటి ఇటు లాగుతుంది, ఇంకొకటి అటు లాగుతుంది. పాపం, ఎటు పోతుంది?



బొమ్మలోనే తప్పు. మూడుంటే ముచ్చటగా ఉంటుందని తనే మూడూ కలిపేసింది. ముచ్చటకేం, బాగానే ఉంది. తిరుగుతాయా అని మాత్రం ఒక్కసారీ అనుకోలేదు.

రేపు పొద్దున పుస్తకం అచ్చుకు పోతుంది.

మసిపూసి మారేడుకాయ చేయొచ్చు. అట్ట మెత్తనిదనొచ్చు, బంక ఆరలేదనొచ్చు. మాట నోటిదాకా వచ్చింది కూడా.

కూతురి ముఖం చూసింది.

"నీ తప్పు కాదు కన్నా. నా బొమ్మ తప్పు. ఇవి ఎవరు తిప్పినా తిరగవు."

"మరి పుస్తకంలో పిల్లకి తిరిగిందిగా?"

"తిరిగిందని నేను వేశానంతే."

సిగ్గేసింది. పిల్లలకు ధైర్యం చెప్పే పుస్తకం కదా, మరీ సిగ్గేసింది.

ప్రెస్సుకు ఫోన్ చేసింది. అచ్చు వేసే పెద్దాయన గయ్యిమన్నాడు. "ఇప్పుడా అమ్మా చెప్పడం?" కాసేపటికి తనే మెత్తబడ్డాడు. "సరే, రేపు పది దాకా ఆగుతా. ఒక్క పేజీ. అంతే."

ఒక్క పేజీ.

తెల్ల కాగితం పరిచింది. కూతురు మోచేతులు బల్లకు ఆనించి చూస్తోంది.

"అమ్మా, ఆ పిల్ల అన్నిసార్లు ఓడిపోయింది కదా... ఒక్కసారీ ఏడవదేం?"

కుంచె ఆగింది.

ఆ పిల్ల ఏడవకూడదని తనకు ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు.

చాలాసేపు వేసింది. ఎనిమిదోసారి పేజీలో ఇప్పుడు మూడు చక్రాలూ ఇరుక్కుని ఆగిపోయాయి. పిల్లి కిందే ఉంది. పిల్ల నేల మీద కూలబడి ఏడుస్తోంది — ముక్కు ఎర్రగా, జుట్టు కళ్ళ మీద పడి.

కూతురు కాగితాన్ని దగ్గరికి లాక్కుంది. చూసింది. చూస్తూనే ఉంది...

"ఏడవకే," అంది మెల్లగా, బొమ్మలోని పిల్లతో. "ఒకటి తీసేసి చూద్దాం."