దొరల బంగ్లా మూడు ఫోటోలు

సిరొంచల ఫోటో స్టూడియో ఈరయ్య పొద్దు పొడవకముందే లేస్తడు. మొఖం కడుక్కుంటడు, చాయ్ పెట్టుకుంటడు, సగం తాగి సగం మరిచిపోతడు. పెండ్లాం భూదేవి లేచిందా, పండుకున్నదా అన్నది చూడడు. కోపముండి కాదు పాపం. రెండేండ్ల కింద నాలుగేండ్ల బిడ్డ సారక్క జ్వరంతోని పోయినకాన్నుంచి ఆయనకు తీపి తెల్వది, కారం తెల్వది. తేలు కుట్టినా జరసేపు ఆలోచించుకొని అప్పుడు కాలు తీస్తడు.

ఆ యేడు జిల్లా క్యాలెండర్ మీదికి ప్రాణహిత ఒడ్డున ఉన్న దొరల బంగ్లా ఫోటో కావాలని తహసీల్ ఆఫీసు నుంచి కబురొచ్చింది. ఎప్పుడో తెల్లదొరలు కట్టిన బంగ్లా అది. తెల్లారగట్ల దాని వెనక ఆకాశం ఎర్రగ మండుతది, ముందల వరండా మాత్రం బొగ్గు తీరు నల్లగ ఉంటది. ఒక్క ఫోటోల రెండూ పడవు. ఆకాశాన్ని చూసుకుంటే వరండా మునుగుతది, వరండాను చూసుకుంటే ఆకాశం పాలిపోతది. అందుకే కెమెరాను స్టాండు మీద కదలకుండ నిలబెట్టి మూడు తియ్యాలె: తక్కువ వెలుగుది, నడిమిది, ఎక్కువ వెలుగుది. తర్వాత కంప్యూటర్ల మూడింటినీ ఒకదాని మీద ఒకటి పేర్చి కలపాలె.

ఇగ ఆ బంగ్లా సంగతి ఊరందరికీ ఎరుకే. తక్కువ వెలుగు ఫోటోల నిన్నటి పొద్దు పడుతది, నడిమిదాంట్ల ఇయ్యాల్టిది, ఎక్కువ వెలుగుదాంట్ల రేపటిది. ఎందుకట్ల అని అడిగినోళ్లు లేరు. గోదారిల నీళ్లెందుకున్నయని ఎవరన్న అడుగుతరా?

ఈరయ్య మూడూ తీసేసరికి నావ నడిపే జగ్గయ్య వచ్చి పక్కన నిలబడ్డడు.

"అన్నా, రేపు వాన గిట్ల ఉన్నదా జర చూడు. పెండ్లోళ్లను అవతలికి దాటియ్యాలె."

ఈరయ్య కెమెరా వెనక తెర చూసిండు. "మబ్బు లేదు."

"బతికించినవు పో!" అనుకుంట జగ్గయ్య రేవు దిక్కు పోయిండు.

బంగ్లా ఊడ్చే పోశక్క చీపురు పట్టుకునే తొంగిచూసింది. "తప్పిపోయిన నా మేక రేపన్న వస్తదా, చూడు బిడ్డా. ఆఁ, మేక లేదు గని, ఆ మెట్ల మీద కూసున్నది మీ భూదేవి కాదు? సంచి గూడ ఉన్నది. అంకిస బస్సు కోసమా ఏంది?"

అంకిస భూదేవి తల్లిగారి ఊరు. బస్సు బంగ్లా ముందలనే ఆగుతది. ఈరయ్య మళ్ల చూసిండు. "ఆమెనే" అన్నడు.

"పండుగ లేదు పబ్బం లేదు, ఎందుకు పోతున్నదయ్యా?"

"ఏమో."

"నీ పాడుగాను! పెండ్లాం పోతుంటే ఏమో అంటవా?"

ఈరయ్య స్టాండు మడిచి స్టూడియోకు పోయిండు.

ఫోటోలు కలిపేటప్పుడు ఒక పద్ధతున్నది. ఏదన్న ఒక్కదాంట్లనే ఉంటే దాన్ని తుడిచెయ్యాలె. లేకుంటే కలిపినంక అది సగం మనిషి, సగం గాలిగ కనబడుతది. ఈరయ్య నిన్నటి కుక్కను తుడిచిండు. ఇయ్యాల్టి జగ్గయ్య నావను తుడిచిండు. రేపటి భూదేవి కాడికి వచ్చిండు. పాదాలు తుడిచిండు, ఆ జాగల మెట్టు రాళ్లు తేలినయి. సంచి కాడ చెయ్యి ఆగింది. సంచిలకెల్లి ఒక పటం అంచు బయటికున్నది. పెద్దగ చేసి చూసిండు. సారక్క ఫోటో.

అది తీసింది తనే. ఆ దిక్కు పీనుగను లేపకముందు ఇంటోళ్లంత చుట్టూ కూసోని ఒక ఫోటో దిగుతరు. ఊరందరికీ తీసినట్టే ఈరయ్య తన బిడ్డకూ తీసిండు. దండ సరిచేసిండు. ఏడుస్తున్న భూదేవితోని, "తల జర ఎనకకు పెట్టు, బిడ్డ మొఖం మీద నీడ పడుతున్నది" అన్నడు. ఫోటో మంచిగొచ్చిందని అందరూ మెచ్చుకున్నరు. ఆనాటిసంది భూదేవి ఆయనను నిండుగ చూసింది లేదు.

అప్పుడు ఈరయ్యకు భయమైంది. శానా రోజులకు వచ్చింది గనుక దాని పేరు యాదికి రావడానికి జరసేపు పట్టింది. కంప్యూటర్ బంద్ చేసి ఇంటికి పోయిండు.

భూదేవి చాటల బియ్యం ఏరుతున్నది.

"రేపు పోతున్నవా?"

"బంగ్లా చెప్పిందా?"

"ఆఁ. మళ్ల ఎప్పుడొస్తవు?"

"రాను." బియ్యంలకెల్లి రాయి తీసి పారేసింది. "గోడతోని ఎన్నొద్దులు కాపురం చెయ్యాలె? బిడ్డ పోయిననాడు గూడ నువ్వు వెలుగే చూసుకున్నవు. కండ్లల్ల ఒక్క చుక్క నీళ్లు పెట్టలె."

"కెమెరా దించితే నేనే కింద పడిపోతుంటి, భూదేవీ."

"పడితే పడుతుంటివి. పట్టుకోనికి నేను లేనా?"

ఆమె మళ్ల బియ్యం మీదికి వంగింది.

తెల్లారి భూదేవి సంచి పట్టుకొని బంగ్లా మెట్ల మీద కూసున్నది. ఈరయ్య ఎదురుంగ స్టాండు పెట్టిండు. నిన్నటివి కలపలేకపోయిండు, మళ్ల తియ్యక తప్పదు. ఇంతకన్న వేరే ఏం చెయ్యాల్నో గూడ ఆయనకు తెల్వలె. పోశక్క అది చూసి, "ఇదేం మనిషిరా దేవుడా!" అని చీపురును నేలకేసి కొట్టింది.

మూడు తీసిండు. తక్కువ వెలుగుదాంట్ల మెట్లు ఖాళీ. నడిమిదాంట్ల భూదేవి, పక్కన సంచి. ఎక్కువ వెలుగుదాంట్ల భూదేవి అదే మెట్టు మీద ఉన్నది గని సంచి లేదు. ఆమె ఒళ్లె తల పెట్టుకొని ఒక మొగోడు ఏడుస్తున్నడు. ఎంత ఏడుస్తున్నడో, భుజాలు కదిలి ఫోటో ఆ జాగల చెదిరింది. అంగీని బట్టి గుర్తుపట్టిండు. అది తనే.

"ఏం కనబడ్డది?" అని భూదేవి మెట్ల మీదికెల్లి అడిగింది.

ఈరయ్య కెమెరాను స్టాండు నుంచి ఊడదీసి తెచ్చి ఆమె చేతిల పెట్టిండు. ఆమె చూస్తనే ఉన్నది. అంకిస బస్సు వచ్చి ఆగింది. కండక్టరు "చలా, చలా!" అని ఎక్కుమని రెండుసార్లు పిలిచిండు. భూదేవి తల ఎత్తలె. బస్సు పోయింది.

"రేపటిదాకా ఎందుకు ఆగుడు?" అన్నది ఆమె. "ఇప్పుడే ఏడువు."

ఈరయ్య ఆమె పక్కన కూసున్నడు. మొదట ఏడుపు రాలె, ఎట్ల ఏడువాల్నో మరిచిపోయిండు. తర్వాత వచ్చింది.