ముప్పై రెండు దారాలు

పొద్దున లేచినప్పటి నుంచీ అక్కకి గుండెల్లో దడగానే ఉంది. సూదిలోకి దారం ఎక్కించబోతే మూడుసార్లు తప్పింది. ఇరవయ్యేళ్లుగా కుట్టుమిషను తొక్కుతున్న మనిషి, కళ్ళు మూసుకుని ఎక్కించగలదు. ఇవాళ కళ్ళు ఇంతలేసి చేసుకుని చూసినా లాభం లేకపోయింది.

దడకి కారణం ఎదురుగానే ఉంది. నాలుగు వీధులు కలిసేచోట, ఆమె కుట్టుషాపుకి పదిహేను అడుగుల దూరంలో, ఎత్తు స్టూలు మీద చెల్లెలు నిలబడి ఉంది. వీధిలో ఆ పిల్లని అసలు పేరుతో పిలిచేవాళ్ళు లేరు. అయిదేళ్లప్పుడు చేసిన అల్లరికి పిడుగు అన్నారు, ఇరవై ఆరేళ్లొచ్చినా పిడుగే. పిడుగు నడుముకి అక్క కుట్టిన కాన్వాసు బెల్టు ఉంది. ఆ బెల్టు మీది చిన్న చిన్న పట్టీల నుంచి ముప్పై రెండు దారాలు బయల్దేరి చుట్టూ ఉన్న ముప్పై రెండు ఇళ్ళకీ షాపులకీ వెళ్ళాయి.

దీన్ని ప్రదర్శన అంటారట. నాటకం కాదు, డ్యాన్సు కాదు, పాట అసలే కాదు. "మరేం చేస్తావమ్మా?" అని మంగలి బాబాయి అడిగితే, "నిలబడతాను" అంది పిడుగు. "ఓస్, అదెంత పని! బస్టాపులో రోజూ మేం చేసేదేగా" అన్నాడాయన. వీధంతా నవ్వింది. అక్క నవ్వలేదు.

ఎల్లుండి పిడుగు విమానం ఎక్కుతోంది. ఇలాంటి ప్రదర్శనలే చేసే ఒక బృందంలో చోటు దొరికింది, వేరే దేశంలో, మూడేళ్లు. వెళ్ళేముందు ఊరి దగ్గర సెలవు తీసుకోవాలి కదా, అదీ ఈ దారాల సంగతి. ప్రతి గుమ్మం దగ్గరా ఒక కత్తెర పెట్టింది. ఎవరికి వాళ్ళు వాళ్ళ దారం దగ్గరికొచ్చి, పిడుగుని చూసి, చెప్పాలనుకున్నదేదో చెప్పి, దారం కోసెయ్యాలి. అన్నీ తెగేదాకా ఆమె నోరు విప్పదు, స్టూలు దిగదు. నిన్న సాయంత్రం అందరినీ పోగేసి మరీ చెప్పింది.

"నేను ఏడ్చినా, వణికినా, ఎవరూ దగ్గరికి రావద్దు. అదంతా ఇందులో భాగమే. ఒక్క దారం మిగిలిపోయినా సరే, టికెట్ చింపేస్తాను. ఒట్టు."

ఆ ఒట్టు విన్న క్షణానే అక్క ఒక నిర్ణయానికి వచ్చేసింది. తన దారం కొయ్యదు. ఎవరెన్ని చెప్పినా సరే. అసలు ఎవరికీ చెప్పనే లేదు. ఎవరైనా జాలిపడి తన బదులు కోసేస్తారేమోనని, దారాన్ని తలుపు పైనున్న కంతలోంచి లోపలికి తెచ్చుకుంది, తలుపు వేసి, గడియకే కట్టేసింది. తలుపు అద్దంలోంచి చూస్తూ నిలబడింది. కత్తెర జేబులోనే ఉంది, దర్జీ జేబులో కత్తెర లేకపోవడమేమిటి!

మొండిది అనుకోకండి. భయస్థురాలు. అక్కకి పద్నాలుగేళ్లప్పుడు అమ్మ పనికోసం దేశం దాటింది. "రెండేళ్లే, కళ్ళు మూసి తెరిచేలోగా వచ్చేస్తాను" అంది. మొదట నెలకో ఉత్తరం వచ్చేది, తర్వాత ఆరునెలలకొకటి, ఆ తర్వాత ఏదీ రాలేదు. ఏమైందో ఈ రోజుకీ తెలీదు. నాన్న మిషను తొక్కుతూ తొక్కుతూనే ముసలాడైపోయి పోయాడు. అయిదేళ్ల పిడుగుని పెంచింది అక్కే. వెళ్ళినవాళ్ళు రారు అన్నది ఆమెకి సామెత కాదు, ఇంట్లో జరిగిన సంగతి.

తొమ్మిదింటికి మొదలైంది. చెప్పులు కుట్టే తాత మొదట వచ్చాడు. ముప్పై రెండు దారాలూ ఆయనవే, మైనం పట్టించిన నైలాను. మామూలు దారం గాలికే తెగిపోతోందని అరువిచ్చాడు. "నీ పాదం కొలత నా దగ్గరుంది. ఎప్పుడొచ్చినా సరిపోయేవి కుట్టిపెడతా" అని కోసేశాడు. తాళాలు చేసే ఆయన, "మీ ఇంటి తాళం మార్చనివ్వను లేమ్మా" అన్నాడు. ఇస్త్రీ పిన్ని ఏమీ అనలేక, ముక్కు చీది, కోసి, పారిపోయింది. దారం తెగినప్పుడల్లా పిడుగు కొంచెం ఊగుతోంది, కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి. అక్క లెక్కపెడుతోంది. పది, పదిహేడు, ఇరవై నాలుగు. ఒక్కొక్కటి తెగుతుంటే తన ఒంట్లోంచే ఏదో ఊడిపోతున్నట్టుంది.

పదకొండయ్యేసరికి ముప్పై తెగాయి. రెండు మిగిలాయి. ఒకటి అక్కది, వెనక వైపు. ఇంకొకటి బేకరీ మావయ్యది, సరిగ్గా ఎదుటి వైపు. మావయ్య పొయ్యి దగ్గరున్నాడు, రొట్టెలు దించి వస్తానన్నాడు. ఆయన దారం గుమ్మానికి లేదు. గుమ్మానికి నిన్ననే రంగు వేయించాడు, దారం గీసుకుంటే మచ్చ పడుతుందని, వాకిట్లో నిలిపిన తన రొట్టెల వ్యాను వెనక తలుపు పిడికి కట్టాడు. పొద్దున అక్క చూసి నవ్వుకుంది కూడా. పిసినారితనానికి హద్దుండాలి అనుకుంది.

వ్యాను కదిలింది.

డ్రైవరు కొత్తవాడు. ముందు సీట్లో కూర్చుని ఫోను చూసుకుంటూ, సరుకు ఆలస్యమైందని కేక వినగానే తాళం తిప్పాడు. వెనక ఏం కట్టి ఉందో అతనికేం తెలుసు. వేలాడుతున్న దారం లేచింది, బిగుసుకుంది.

అక్క కంగారుపడలేదు, ముందు. దీనికి పిడుగు ముందే జాగ్రత్త చెప్పింది. "అక్కా, దారాల పట్టీలకి ప్రెస్ బటన్లే పెట్టు. ఎవరిదైనా కాలు తట్టుకుని దారం లాగితే పట్టీ టప్పున ఊడిపోవాలి. లేకపోతే నేను బొక్కబోర్లా పడతా." అలాగే పెట్టింది అక్క. ముప్పై రెండు పట్టీలు, ముప్పై రెండు బటన్లు. ఊడిపోతుంది, ఇప్పుడే ఊడిపోతుంది అని చూస్తోంది.

ఊడలేదు.

అప్పుడు గుర్తొచ్చింది. గుండీని నమ్మకు, కుట్టుని నమ్ము అని నాన్న నేర్పిన పాఠం. ఆ షాపులో పుట్టిన ఏ బట్టకైనా, బళ్ళో పిల్లల నిక్కరైనా సరే, బటను పెట్టాక పట్టీ అంచుకి రెండు టాకాలు పడాల్సిందే. ఎవరూ అడగక్కర్లేదు, చెయ్యి తనంతట తానే వేస్తుంది. బెల్టుకీ వేసింది.

పిడుగు ముందుకి వంగిపోయింది. వ్యాను అటు లాగుతోంది, వెనక అక్క దారం ఇటు పట్టి ఉంచింది. మధ్యలో బెల్టు పొట్టని నొక్కేస్తోంది. నోరు తెరిచింది గానీ ఊపిరి లేదు, అరుపెక్కడిది? కళ్ళు మాత్రం వెడల్పయ్యాయి. చుట్టూ జనం ఊపిరి బిగబట్టారు. తర్వాత చప్పట్లు కొట్టారు. "అబ్బ, ఏం చేస్తోందిరా!" అన్నారెవరో. వణికినా రావద్దంది కదా, ఎవరూ రాలేదు. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం.

అక్క గడియ లాగింది. కదల్లేదు. బిగుసుకున్న దారం గడియని పట్టేసింది. రెండు చేతులతో లాగింది, వేళ్ళ తోలు లేచింది. అద్దం మీద దబదబా బాదింది. చప్పట్లలో ఎవరికి వినిపిస్తుంది? తన దారమే తన తలుపుని మూసేసింది. ఎవరూ కొయ్యకూడదని తను కట్టుకున్న ముడే.

జేబులోంచి కత్తెర ఎప్పుడు తీసిందో ఆమెకి తెలీదు. కోసింది. గడియ జారింది.

వెనక పట్టు పోగానే పిడుగు స్టూలు మీంచి కింద పడింది. చేతులూ మోకాళ్ళూ నేలకి గీసుకుపోయాయి. వ్యాను ఇంకా పోతూనే ఉంది. అక్క ఆ పదిహేను అడుగులూ ఎలా దాటిందో గాని, చెల్లెలి పక్కన పడి, బిగుసుకున్న నైలానుని కత్తెరలో పెట్టి నొక్కింది. ఒకసారి జారింది. రెండోసారి తెగింది. బెల్టు వెనక హుక్కులు విప్పేసరికి పిడుగు గట్టిగా, ముసలాళ్ళలా, ఊపిరి పీల్చింది.

జనం ఈలలు వేశారు. "ఆఖరి రెండూ అక్కే కోసిందిరోయ్!" అన్నాడు మంగలి బాబాయి, కళ్ళు తుడుచుకుంటూ. ఆయనకి అదంతా ముందే అనుకుని చేసినట్టే కనిపించింది.

మధ్యాహ్నానికి వీధి ఖాళీ అయింది. బేకరీ మావయ్య నాలుగుసార్లు వచ్చి నాలుగుసార్లూ లెంపలేసుకుని వెళ్ళాడు. షాపులో బట్టలు కోసే బల్ల మీద పిడుగు కూర్చుని ఉంది, మోకాళ్ళకి మందు, పొట్ట మీద తడిగుడ్డ. ఒళ్ళో బెల్టు. మావయ్య దారం ఉన్నచోట టాకాలు చెక్కు చెదరలేదు, కాన్వాసే చిరిగింది.

"అక్కా, ఇవేంటి?"

"అలవాటే. నాన్న నేర్పిన..." అంది అక్క. అక్కడితో ఆపేస్తే సరిపోయేది. పిడుగు నమ్మేది కూడా. "ముప్పై ఒక్కటీ అలవాటుగానే పడ్డాయి. ముప్పై రెండోది నాది. దాని దగ్గరికొచ్చాక నువ్వు చెప్పింది గుర్తొచ్చింది. వెనక్కెళ్ళి అన్నీ విప్పాల్సింది. విప్పలేదు. నాదానికి తెలిసే వేశాను."

పిడుగు బెల్టు తిప్పి చూసింది. ఆ పట్టీకి రెండు కాదు, ఆరు టాకాలున్నాయి.

"చచ్చిపోయేదానివే," అంది అక్క. "నా చేతులతో నేనే... నువ్వు పోకూడదనే గానీ, ఇలా కాదే. ఒట్టు."

"తెలుసు."

"అమ్మ కూడా రెండేళ్లే అంది."

పిడుగు బెల్టు పక్కన పెట్టింది. "నాకు అమ్మ మొహం గుర్తులేదక్కా. నాకు గుర్తున్నదల్లా నువ్వే. పొద్దున స్టూలెక్కగానే నాక్కూడా భయమేసింది. ఒక్కళ్ళన్నా కొయ్యకపోతే బాగుణ్ణు అనుకున్నా."

అక్క తలెత్తింది. "మరి వెళ్ళవా?"

"వెళ్తా." ఏడుస్తూనే అంది. "అక్కడ మొదటి ప్రదర్శన ఇదే. బెల్టు బాగుచేసిపెట్టు."

కొత్త కాన్వాసు ముక్క వేసి చిరుగు పూడ్చింది అక్క. తర్వాత టాకాలు విప్పడం మొదలుపెట్టింది. ముప్పై ఒక్క పట్టీలూ అయ్యాయి. తన ఆరూ చివరికి మిగుల్చుకుంది. ఒకటి, రెండు, మూడు... ఆరోది తీసి, వేలితో కొంచెం లాగి చూసింది. టప్పున ఊడి చేతిలోకి వచ్చేసింది. అంత తేలిక! ఆమెకి పొద్దుటి భయం మళ్ళీ పైకొచ్చింది. పట్టీని పట్టుకుని అలాగే ఉండిపోయింది.

పిడుగు బల్ల దిగి, కుంటుకుంటూ వచ్చి, అక్క చేతిలోంచి ఆ పట్టీ తీసుకుంది. బెల్టు మీద పెట్టి బొటనవేలితో నొక్కింది. టప్‌మంది.

"బటనక్కా ఇది," అంది. "ఊడినా మళ్ళీ పెట్టుకోవచ్చు."

అక్క తనే ఇంకోసారి లాగింది. ఊడింది. తనే నొక్కింది.