నోట్లో గుండుసూదులు

ఆమె కుట్టుమిషన్ పక్కనే ఒక చిన్న బల్ల ఉండేది. దానిమీద ఒక పట్టకారు, చేతి అద్దం, ఆవగింజంత నల్లటి గింజలు అంటించిన ప్లాస్టరు ముక్కలు. పగలంతా బట్టలు కుట్టి, సాయంత్రం ఓ గంటసేపు, నొప్పులనీ నిద్ర పట్టదనీ వచ్చినవాళ్ల చెవులకు ఆక్యుప్రెషర్ పద్ధతిలో ఆ గింజలు అంటించేది. సూదులతో పని లేదు. రోజుకు మూడుసార్లు వేలితో అదుముకోవాలి, అంతే. నేర్పిన గురువుగారు మాత్రం ఒక మాట గట్టిగా చెప్పారు: ఇది మందుకు తోడే గానీ మందుకు బదులు కాదు. ఆమె ఆ మాటను అట్టమీద రాసి గోడకు తగిలించింది కూడా.

రోజూ పొద్దున్నే దేవుడికి దండం పెట్టుకుని ఒక్కటే కోరుకునేది, తన హస్తవాసి మంచిదని నలుగురూ అనాలని.

బావ, అంటే ఆమె అక్క భర్త, ముప్పై ఏళ్లు బస్సు నడిపి రిటైరైన మనిషి. రక్తపోటుకు బిళ్లలు వాడేవాడు. నిద్ర పట్టడం లేదని ఆమె దగ్గరికొచ్చాడు. వచ్చినవాడు ఊరుకుంటాడా?

"చొక్కాకి కుట్టాల్సిన బొత్తాలు నా చెవికి కుడుతున్నావేంటి మరదలా?"

పది రోజులు తిరక్కుండానే, కంటినిండా నిద్రపోతున్నానని కనపడిన వాళ్లందరికీ చెప్పాడు. అది గింజల గుణమో, రోజూ కాసేపు కదలకుండా కూర్చోవడం వల్లనో ఆమెకూ తెలియదు. తెలుసుకోవాలనీ అనిపించలేదు. ఆ మాట వింటే చాలు, కడుపు నిండిపోయేది.

ఒకరోజు ఆమె గౌను అంచు మడిచి గుండుసూదులు గుచ్చుతోంది. ఇంకో నాలుగు సూదులు పెదవుల మధ్య ఉన్నాయి. బావ గుమ్మంలోంచి, "నీ చేతిలో ఇంత మహిమ ఉండగా ఇక ఆ బిళ్లలెందుకు మరదలా, మానేస్తాను" అన్నాడు. వేళాకోళంలాగే అన్నాడు. ఆమె పెదవులు విప్పకుండానే నవ్వింది. అట్ట గోడమీదే ఉంది.

నెల తిరిగేసరికి, ఒక ఉదయం బావ చేతిలోంచి గ్లాసు జారింది. కుడి చెయ్యీ కాలూ పడిపోయాయి, మూతి వంకరపోయింది. ప్రాణం దక్కింది గానీ మాట పోయింది. బిళ్లలు మానేశారా అని డాక్టరు అడిగాక అక్క ఇల్లంతా గాలిస్తే, చెప్పుల అరలో విప్పని బిళ్లల అట్టలు దొరికాయి. మొగుడు బిళ్ల మింగాడో లేదో చూసుకోలేని తనదే తప్పని అక్క కుమిలిపోయింది. ఊరుకుంటే తప్పు అక్కమీదే ఉండిపోతుంది. ఒకసారి ఊరుకున్నది చాలదా?

"బావ నాతో అన్నారక్కా, మానేస్తానని. నేను వద్దనలేదు. నోట్లో గుండుసూదులున్నాయి."

అక్క ఆమె ముఖంలోకి చూసింది.

"తీయడానికి ఎంతసేపే?"

రెప్పపాటు. ఆరోజు ఆ రెప్పపాటు సేపు కూడా బావ పొగడ్తను వదులుకోబుద్ధి కాలేదు. దేవుడు ఆమె అడిగిందే ఇచ్చాడు. ఇచ్చేముందు ఆయనైనా ఆలోచించకూడదా అనుకుని, వెంటనే నాలిక కరుచుకుంది. ఆలోచించి అడగాల్సింది తనే కదా.

బావను ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చిన మూడోరోజు సాయంత్రం ఆమె వెళ్లింది. బావ గుర్తుపట్టి, నవ్వగలిగినవైపు నవ్వి, చెవి ఆమెవైపు తిప్పాడు. ఆమె గింజల సంచి తెరవలేదు. బిళ్ల నాలుకమీద పెట్టి, చెంచాతో నీళ్లు పోసి, గొంతు కదిలేదాకా చూసింది. నోరు తెరవమంది. నాలుక కింద కూడా చూసింది.

"మింగారా?" అని వంటగదిలోంచి అక్క అడిగింది.

"మింగారక్కా."

బావ చెవి ఇంకా ఆమెవైపే తిరిగి ఉంది.