యాక్సిలరేటర్ తొక్కే మనిషి

నా కారు మీద ఇంకొకడి చెయ్యి పడనివ్వను. గొప్పకు చెప్పడం లేదు, మా ఆవిడ నన్ను తిట్టిన తిట్లలో ఇదే మొదటిది. ఈమధ్య ఎత్తు ఎక్కేటప్పుడు బండి బుస్సుమంటోంది, లాగడం లేదు. టర్బో కుక్కిన వేడిగాలి ఇంటర్‌కూలర్‌లో చల్లారి ఇంజన్లోకి పోవాలి. దారిలో గొట్టాల్లో ఎక్కడో లీకైపోతోందన్నమాట.

స్పేర్‌పార్టుల షాపతను సిలికాన్ గొట్టాలు చూపించాడు. ధర వింటే కళ్లు తిరిగాయి.

“ఇవి వేస్తే లాభమేనా?” అన్నాను.

“మీ రబ్బరు గొట్టాలు ఉబ్బుతున్నా, పగిలినా లాభమే. లేకపోతే దండగ సార్. ఇంట్లో ఎవరినైనా సీట్లో కూర్చోబెట్టి యాక్సిలరేటర్ తొక్కించండి. మీరు గొట్టం పట్టుకుని చూడండి. రెండు నిమిషాల పని.”

ఇంట్లో ఎవరినైనా! ఆ పని మా ఆవిడది. వారపత్రిక చదువుకుంటూ, తలెత్తకుండా తొక్కేది. “చాలా? పొయ్యి మీద పాలున్నాయి” అనేది. పోయి ఏడాది దాటింది. ఆ సంగతి షాపులో చెప్పడం నాకు చచ్చినా ఇష్టం లేదు.

“ఇచ్చెయ్యి” అన్నాను.

ఆదివారం నడుము పడిపోయేదాకా కూర్చుని బిగించాను. నీలిరంగు గొట్టాలు, భలే ఉన్నాయి. చూసేవాళ్లే లేరు. బండి తీశాను. మళ్లీ బుస్సు! పాత గొట్టాలు అటూఇటూ వంచి చూస్తే చిన్న పగులు కూడా లేదు. ఒక మనిషిని అడగలేక ఇంత డబ్బు తగలేశాను. ఏడుపొచ్చింది, ఏడ్చాను కూడా.

సాయంత్రం సిగ్గు చంపుకుని, పైవాటాలో అద్దెకుండే నర్సమ్మను పిలిచాను.

“నాకు కారు నడపడం రాదు బాబాయిగారూ.”

“నడపక్కర్లేదమ్మా. తొక్కితే చాలు.”

తొక్కింది. గొట్టం వెంట చెయ్యి పోనిస్తే, చివర దాన్ని బిగించే క్లిప్పు దగ్గర వేళ్లకు గాలి తగిలింది. నా తెలివి తెల్లారినట్టే ఉంది, కొత్త గొట్టానికి అరిగిపోయిన పాత క్లిప్పే వేశాను. ఇంజను ఆపించి ఇంకోటి బిగించాను. మళ్లీ తొక్కింది. బుస్సు లేదు, ఇంజను హాయిగా పాడుతోంది.

“అయిపోయిందా బాబాయిగారూ?” అని తల బయటపెట్టి అడిగింది.

ఎత్తిన బానెట్ చాటున నా మొహం ఆమెకు కనపడదు.

“సరిగ్గా వినపడలేదమ్మా” అన్నాను. “ఇంకోసారి తొక్కు.”