మిగతాది అనవసరం

వేలు పెట్టకపోతే నాకు అక్షరాలు నిలబడవు. పై వరుసలో మొదలుపెట్టినదాన్ని కింద వరుసలోకి ఎప్పుడు జారిపోతానో నాకే తెలియదు. ఆయన పోయాక, అరవై దాటాక నేర్చుకున్న చదువు నాది. మా పంతులమ్మ మొదటిరోజే చెప్పింది, "వేలే మీ చేతికర్ర. సిగ్గుపడకుండా ఆనుకుని నడవండి" అని.

అందుకే మ్యూజియంలో మొదటిసారి అలారం మోగినప్పుడు ఆ తప్పు నాదని నాకు తట్టనే లేదు.

ఆలస్యంగా చదువు మొదలుపెట్టిన మాలాంటివాళ్ళ కోసం మ్యూజియం వాళ్ళు గురువారం మధ్యాహ్నాలు ఒక కార్యక్రమం పెట్టారు. ఒక గైడమ్మాయి మమ్మల్ని గది తర్వాత గది తిప్పేది. ముక్కులు విరిగిన రాతి విగ్రహాల గది, గట్టిగా ఊపిరి వదిలితే పగులుతాయేమో అనిపించే పింగాణీ గది, ఏ రాజు మొహం ఏదో తెలియనంతగా అరిగిపోయిన నాణేల గది. ఒక వారం మా అందరికీ తడిమట్టి ఇచ్చి నచ్చింది చేయమన్నారు. నేను పిల్లిని చేశాను. మా జట్టులోనే ఉన్న రిటైరైన డ్రైవరు అటూ ఇటూ తిరిగి చూసి, "బస్సు బాగా కుదిరింది పిన్నిగారూ" అన్నాడు.

చివరి గురువారం ఇళ్ళవాళ్ళను పిలుస్తారు. ఒక్కొక్కరం మాకు నచ్చిన వస్తువు పక్కన నిలబడి, దాని గురించి నాలుగు మాటలు చెప్పాలి. నేను ఎంచుకున్నది పై అంతస్తులో గోడకున్న రంగుల బొమ్మ. కిటికీ దగ్గర ఒకావిడ మనకు వీపు పెట్టి కూర్చుని బఠాణీలు ఒలుస్తుంటుంది.

ఆ బొమ్మ నాకు కొత్త కాదు. పెళ్ళైన కొత్తలో ఆయన నన్ను అక్కడికి తీసుకెళ్ళారు. పక్కన గోడకు అంటించిన చీటీలో ఏం రాసుందని అడిగాను. "ఎవరో ఆవిడ బఠాణీలు ఒలుస్తోందట. మిగతాది అనవసరం" అని ముందుకు నడిచారు. ఆయన చెడ్డమనిషి కాదు. కానీ పేపరైనా, శుభలేఖైనా, మా అమ్మ ఎవరిచేతో రాయించిన ఉత్తరమైనా ఆయన నాకు చదివింది సగమే. మిగతాది ఎప్పుడూ అనవసరమే. బఠాణీలు ఒలుస్తోందని తెలుసుకోవడానికి చదువెందుకు, కళ్ళు చాలవూ? ఆ మిగతాది ఇన్నేళ్ళూ నా గొంతులో చేపముల్లులా ఉండిపోయింది.

అందుకే కార్యక్రమంలో ఆ గదికి రాగానే నేరుగా వెళ్ళి చీటీ మీద వేలు పెట్టాను. రెండు మాటలు కూడబలుక్కున్నానో లేదో, అలారం గోల పెట్టింది. గార్డు పరిగెత్తుకొచ్చాడు.

"చెయ్యి తియ్యండమ్మా! నేల మీద గీత కనపడట్లేదా?"

"గీత కనపడుతోంది నాయనా. వేలు లేకపోతే అక్షరాలే నిలవట్లేదు."

"గీత బయట నుంచి చదువుకోండి. అందరూ అలాగే చదువుతున్నారుగా!"

"అందరూ చిన్నప్పుడు నేర్చుకున్నారు."

బొమ్మా చీటీ రెండూ ఆ గీత లోపలే ఉన్నాయి. అలారానికి ఏది బొమ్మో ఏది చీటీయో తేడా తెలియదు. పై వారం కూడా మోగించాను. దాంతో నాకు అలారం పిన్ని అనే పేరు ఖాయమైంది.

గైడమ్మాయి మంచిపిల్ల. తర్వాతి వారం ఒక కాగితం పట్టుకొచ్చింది. "పిన్నిగారూ, మీ కోసం పెద్ద అక్షరాల్లో రాశాను. దీన్ని చేత్తో పట్టుకుని చదివేయండి. ఏ గొడవా ఉండదు."

చూశాను. మూడే వరుసలు.

"గోడ మీద ఇంకా చాలా ఉందే?"

"అదంతా మీకు అవసరం లేదులెండి. ముఖ్యమైనంత వరకు రాశాను."

నాకు ఒళ్ళు మండింది. అదే మాట, నోరే వేరు. కాగితం మడిచి ఆ పిల్ల చేతిలోనే పెట్టాను. "నేను గోడ మీదదే చదువుతాను."

"అలారం మోగితే మా పైవాళ్ళు ఊరుకోరు. మిమ్మల్ని తీసేస్తారు."

"తీసేయనీ. చదవడం అయ్యాక తీసేయమను."

ఇంట్లో మా ఆడపడుచు ఇంకో పక్క నుంచి అందుకుంది. "ఈ వయసులో అక్షరాలేం చేసుకుంటావు వదినా, వేయించుకు తింటావా? పదిమందిలో ఆ మోత మోగించి మా అన్నయ్య పరువు తీయకు."

"మీ అన్నయ్య పరువు భద్రంగానే ఉంది. మోగేది నా వేలు."

"అయితే నేను రాను."

"రాకు. నీకు ఇక్కడిదాకా వినపడుతుందిలే."

వచ్చింది. వచ్చి అందరికంటే ముందు నిలబడింది.

నా వంతు రాగానే గైడమ్మాయి చెవిలో, "గుర్తున్నంత చెప్పేయండి పిన్నిగారూ, ప్లీజ్" అంది. నేను గీత దాటి చీటీ మీద వేలు ఆనించాను. అలారం లంకించుకుంది. జనం చెవులు మూసుకున్నారు. నేను దానికంటే గట్టిగా మొదలుపెట్టాను.

"కి... టి... కీ. కిటికీ దగ్గర బ... బఠాణీలు ఒలిచే స్త్రీ. నూనె రంగులు. చి... చిత్రకారుడి పేరు తెలియదు."

గార్డు పక్కకొచ్చి చెయ్యి చాపాడు. అతని వైపు చూడకుండానే ఎడమచేయి అడ్డం పెట్టాను. ముసలిదాన్ని పట్టి లాగితే బాగుండదనుకున్నాడేమో, అలారం ఆపే తాళంచెవి కోసం జేబులు వెతుక్కోసాగాడు. నా వేలు కింద వరుసలోకి దిగింది. అక్కడొక మాట అడ్డుపడింది. సే... సేక...

"సేకరణ, వదినా!" అని అరిచింది మా ఆడపడుచు.

"చెప్పకు! నేనే చదువుతాను!"

చదివాను. సేకరణ సంఖ్య. తర్వాత, పాత చట్రం చెదలు తింటే కొత్తది వేశారట. పేరు చెప్పడం ఇష్టంలేని దాత ఎవరో ఇచ్చారట. అంతే. చీటీ అయిపోయి వేలు ఉత్త గోడ మీదికొచ్చింది.

ఇంతేనా! నాకు నవ్వాగలేదు. ఆయన అబద్ధమాడలేదు. మిగతాది నిజంగా అనవసరమే. కానీ ఈసారి ఆ సంగతి తేల్చింది నేను.

గార్డు తాళం తిప్పి మోత ఆపాడు. కళ్ళద్దాల అధికారి ఒకాయన గబగబా వచ్చాడు.

"ఎవరిది ఈ పని?"

"నాది."

"ఇకమీదట మీరు ఈ కార్యక్రమానికి రావద్దు."

"అది ఇవాళ్టితో అయిపోయింది బాబూ. ఇక టికెట్టు కొనుక్కునే వస్తాను. కింద నాణేల గది మొత్తం చదవాల్సింది ఉంది."

డ్రైవరు ఈల వేశాడు. అధికారి అటు తిరగగానే గార్డు నా పక్కకొచ్చి మెల్లగా అడిగాడు, "చివర్లో ఏదో చదివారమ్మా. మోతలో వినపడలేదు. ఏం రాసుంది?"

అనవసరంలే అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

అప్పటికే గార్డు మళ్ళీ సిద్ధం చేసిపెట్టిన అలారం వైపు, అధికారి వీపు వైపు ఒకసారి చూసి, గీత దాటి ఆఖరి వరుస మీద వేలు పెట్టాను.