గుడ్డ పరిచిన గ్లాసు

పాలు మాడిన రోజునే ఆమె పరీక్ష రాయకూడదని నిర్ణయించుకుంది. గిన్నె అడుగు బొగ్గై, ఇల్లంతా పొగ కమ్మి, పక్కింటివాళ్ళు కూడా కిటికీలోంచి తొంగిచూసి వెళ్ళాక, భర్త ముక్కుకు చెయ్యి అడ్డం పెట్టుకుని వంటగది గుమ్మంలో నిలబడ్డాడు. "పొయ్యి మీద పాలే గుర్తుండవు నీకు. పరీక్షలో పాఠాలేం గుర్తుంటాయి? ఎందుకే నీకీ అవస్థ?" అన్నాడు. కోపంగా కూడా కాదు, జాలిగా. కోపమైతే ఆమె కూడా ఏదో ఒకటి అనేసి ఊరుకునేది. జాలికి జవాబు వెతుక్కోవాలి. గిన్నె తోముతున్నంతసేపూ వెతికింది, దొరకలేదు.

ఆ ఇంట్లో ఆమె పేరు మాలోకం. పెళ్ళైన కొత్తలో ఒకసారి గొడుగు బస్సులో మర్చిపోయినందుకు వచ్చిన బిరుదు అది. గొడుగు పోయి పదమూడేళ్ళైంది గానీ పేరు పోలేదు. కూతురు మాటలు నేర్చిన ఏడాదే ఆ మాటా నేర్చింది. అందరూ ముద్దుగానే అంటారు. ముద్దుగా గుచ్చినా ముల్లు ముల్లే కదా. రోజూ వింటే ఎవరైనా నమ్ముతారు, ఆమె కూడా నమ్మింది.

నమ్ముతూనే దూరవిద్యలో మనస్తత్వశాస్త్రం చదవడానికి చేరింది. దానికి కారణం ఆమె ఉద్యోగం. పళ్ళ డాక్టరు దగ్గర ముందుగదిలో కూర్చుని పేర్లు రాసుకుని, ఒక్కొక్కరినే లోపలికి పంపడం ఆమె పని. లోపల పన్ను తొలిచే మర మోగగానే, బయట కూర్చున్న పహిల్వాను లాంటి మనిషి కూడా కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంటాడు. ఇంకా ఎవరూ ముట్టుకోనేలేదు, చెమటలు మాత్రం పట్టేస్తాయి. ఎందుకలా అని డాక్టరుని అడిగితే, "అవన్నీ మీకెందుకమ్మా, తర్వాతివాళ్ళని పంపండి" అన్నాడు. డాక్టరు చెప్పనిది పుస్తకం చెప్పింది. చప్పుడూ నొప్పీ కలిసి వస్తూ ఉంటే, కొన్నాళ్ళకు చప్పుడొక్కటి విన్నా చాలట, ఒళ్ళు నొప్పికి సిద్ధపడిపోతుందట. ఆ పేజీ చదివిన సాయంత్రం ఆమె బస్సులో తనలో తనే నవ్వుకుంటూ ఇంటికి వచ్చింది. అంత సంతోషం ఆమెకు ఎన్నాళ్ళకో కలిగింది.

పరీక్ష వద్దనుకున్నా, చెయ్యాల్సిన పని ఒకటి మిగిలింది. ఏదో ఒక ప్రవర్తనను వారం రోజులు గమనించి, లెక్కపెట్టి, నివేదిక రాసివ్వాలి. చేరినందుకు ఇదైనా పూర్తిచేద్దామనుకుంది. మనుషుల మీద మనకుండే అభిప్రాయాలు శాస్త్రం కావని పుస్తకం మొదటి అధ్యాయంలోనే కుండబద్దలు కొట్టింది. కొట్టొచ్చినట్టు కనబడే ఒకటి రెండు సంగతులు గుర్తుపెట్టుకుని, మిగతా వంద వదిలేసి తీర్పు చెప్పేస్తామట మనం. అందుకే లెక్కపెట్టి చూడాలట. ఏం లెక్కపెట్టాలా అని ఆమె తల పట్టుకుని కూర్చుంటే, లోపలి గదిలోంచి కూతురు, "అమ్మా, నా జామెట్రీ పెట్టె ఎక్కడుంది?" అని కేకేసింది.

మంచం కింద ఉందని చెప్పి, ఆమె కాగితం మీద మొదటి గీత గీసింది. ఆమె ఇంట్లో ఉన్న గంటల్లో 'ఎక్కడుంది' అని ఎన్నిసార్లు అడుగుతారు, ఆమె చెప్పిన చోట ఆ వస్తువు ఎన్నిసార్లు దొరుకుతుంది, ఇంతే లెక్క.

చిక్కల్లా రెండో నియమం దగ్గర వచ్చింది. ఒక్కరే లెక్కపెడితే తమకు కావలసినట్టు పెట్టుకోవచ్చు గనక, ఇంకొకరు విడిగా లెక్కపెట్టాలి, చివర్లో రెండూ పోల్చి చూడాలి. ఇంట్లో అలాంటి రెండో మనిషి అత్తగారొక్కరే. ఒకప్పుడు కుట్టుమిషను మీద బతుకు ఈడ్చిన మనిషి ఆవిడ. ఇప్పుడు మోకాళ్ళ నొప్పులతో హాల్లో కిటికీ పక్క కుర్చీకి అంటుకుపోయి, ఇంటిల్లిపాదికీ ఊడిన బొత్తాలు కుడుతూ ఉంటారు. కొడుకు మీద నిఘా వెయ్యండని అత్తగారిని అడగడమంటే పులి నోట్లో తల పెట్టడమే. కోడలు నసిగి నసిగి విషయం చెప్పింది. ఆవిడ అంతా విని, "బొత్తాలు వేస్తూ పోతే సరిపోతుందా?" అన్నారు.

అడిగినప్పుడల్లా డబ్బాలోంచి ఒక బొత్తాం తీసి స్టీలు గ్లాసులో వెయ్యాలని ఏర్పాటు. వస్తువు చెప్పిన చోట దొరికితే తెల్లది, దొరక్కపోతే నల్లది. మొదటి బొత్తానికే గ్లాసు టంగుమంది, పేపరు చదువుతున్న కొడుకు తలెత్తి చూశాడు. తమను గమనిస్తున్నారని తెలిస్తే మనుషులు మామూలుగా ఉండరు, లెక్క చెడిపోతుందని కోడలు చెవిలో పాఠం చెప్పింది. ఆవిడ పాత దుప్పటి ముక్క చించి గ్లాసు అడుగున పరిచారు. అప్పట్నుంచి ఆ ఇంట్లో శాస్త్రం చప్పుడు చెయ్యకుండా నడిచింది.

ఏది ప్రశ్న, ఏది కాదు అన్న దగ్గర మాత్రం అత్తాకోడళ్ళకు వాదన పడింది. భర్త ఎప్పుడూ సూటిగా అడగడు. గది మధ్యలో నిలబడి పైకప్పుతో, "ఈ ఇంట్లో ఒక్క వస్తువైనా ఉండాల్సిన చోట ఉంటే ఒట్టు" అంటాడు. అది ప్రశ్న కిందికి రాదేమోనని కోడలి అనుమానం. "పైకప్పు ఎప్పుడైనా దిగొచ్చి సాక్సులు తెచ్చిచ్చిందా? తెచ్చేది నువ్వేగా. అది ప్రశ్నే" అని అత్తగారు తీర్పు చెప్పేశారు.

వారం గడిచింది. ఆదివారం మధ్యాహ్నం తండ్రీకూతుళ్ళు బయటికి వెళ్ళగానే ఇద్దరూ లెక్కలు ముందేసుకున్నారు. కోడలి కాగితంలో తొంభై రెండు గీతలున్నాయి. అత్తగారి బొత్తాలు నూట ముప్ఫై తొమ్మిది. నలభై ఏడు తేడా వచ్చింది.

పెద్దావిడ హుషారులో రెండేసి వేసేశారేమోనని ఆమె మెల్లగా అడిగింది. ఆవిడ కళ్ళజోడు సవరించుకున్నారు.

"ఈ పొద్దున నువ్వెన్ని రాశావు?"

"నాలుగు, అత్తయ్యా."

"నావి ఏడు. వాడు స్నానాలగదిలోంచి తువ్వాలడిగాడు, తలుపుకే వేలాడుతోంది చూడండన్నావు. రాయలేదు. పిల్ల కత్తెర అడిగింది, ఫ్రిజ్ మీద అన్నావు. రాయలేదు. మళ్ళీ వాడే గొడుగన్నాడు. నువ్వు ఉల్లిపాయలు తరుగుతూ, తలైనా ఎత్తకుండా, బీరువా వెనకాల అన్నావు. అదీ రాయలేదు."

ఆమెకు ఒక్కటీ గుర్తులేదు. వాళ్ళు అడిగినట్టూ లేదు, తను చెప్పినట్టూ లేదు. అయితే వాళ్ళన్నది నిజమే, తను మాలోకమే, ఆ మాట ఇప్పుడు శాస్త్రం కూడా ఒప్పుకుంది అనుకుంది. "నాకు మతిమరుపే అత్తయ్యా" అంది.

"అడిగినవి దొరికాయా లేదా, అది చూడు ముందు" అన్నారావిడ. చూస్తే నల్ల బొత్తాలు రెండే, నూట ముప్ఫై తొమ్మిదిలో నూట ముప్ఫై ఏడు ఆమె చెప్పిన చోటే దొరికాయి. మిగతా రెండింటిలో ఒకటి కూతురు ఇంకోచోట పెట్టేసిన గమ్ము సీసా. రెండోది టీవీ రిమోటు, దాని మీద అత్తగారే కూర్చున్నారు.

అప్పుడు ఆమెకు నాలుగో అధ్యాయం గుర్తొచ్చింది. గోడగడియారం చప్పుడు ఆ ఇంట్లో ఉండేవాళ్ళకు వినబడదు. ఒకటే చప్పుడు పదేపదే వస్తుంటే మనసు దాన్ని లెక్కలోకి తీసుకోవడం మానేస్తుంది. ఆమె మర్చిపోలేదు. పదమూడేళ్ళుగా మోగుతున్న చప్పుడు కాబట్టి చెవిన పడలేదు, అంతే. చెవిన పడకుండానే నోరు మాత్రం చెప్పుకుంటూ పోయింది, అదీ తప్పులేకుండా. ఇల్లు మొత్తం, గుండుసూదితో సహా, ఆమె తలలో ఉంది. ఆమెను మాలోకం చేసిందేమిటయ్యా అంటే ఒక గొడుగు, ఒక గిన్నెడు పాలు. అవి రెండూ అందరికీ గుర్తున్నాయి, నూట ముప్ఫై ఏడు మాత్రం ఎవరికీ గుర్తులేవు, అందులో మూడోవంతు చివరికి ఆమెకే గుర్తులేవు. ఆమెకు నవ్వొచ్చింది. ఆపుకుందామంటే ఆగలేదు, పొట్ట పట్టుకుని, కళ్ళనీళ్ళు కారేదాకా నవ్వింది.

"మీ మామగారు నన్ను మొద్దు అనేవారు" అన్నారు అత్తగారు బొత్తాలు డబ్బాలోకి ఎత్తుతూ. "ఆయన దువ్వెన ఎక్కడుందో ఈ మొద్దు చెబితే గానీ ఆయన తల దువ్వుకున్న రోజు లేదు."

ఇద్దరూ మళ్ళీ నవ్వారు.

నివేదిక బుధవారం అందింది. పాఠం చెప్పే మేడమ్ ఫోను చేసి, ఆ రెండో పరిశీలకురాలెవరో గానీ చాలా నిక్కచ్చి మనిషండీ అంది. ఆ ముక్క చెవిన పడ్డప్పటి నుంచి అత్తగారు కుర్చీలో ఇంకో రెండంగుళాలు నిటారుగా కూర్చుంటున్నారు. ఆమె హాల్ టికెట్టు బయటికి తీసింది. అది ఎక్కడుందో ఎవరినీ అడగనక్కర్లేకపోయింది.

పరీక్ష రోజు పొద్దున ఆమె చెప్పులు వేసుకుంటోంది. ఇన్నాళ్ళూ చేసింది గమనించడం. ఇక ప్రయోగం చెయ్యాలి. అన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉంచి, ఒక్కటంటే ఒక్కటి మార్చి, ఏమవుతుందో చూడాలని పుస్తకంలో ఉంది. ఏది మార్చాలో ఆమెకు తెలిసిపోయింది. భర్త హడావిడిగా హాల్లోకి వచ్చాడు.

"నా బండి తాళం ఎక్కడుందే?"

నిన్నటి ప్యాంటు ఎడమ జేబులో. అలవాటుకొద్దీ అది నాలుక చివరిదాకా వచ్చేసింది. ఆమె సంచి భుజానికి తగిలించుకుంది.

"నాకు తెలుసు" అని, తలుపు తీసుకుని బయటికి నడిచింది.

వెనకాల గ్లాసు టంగుమని మోగింది. ఈసారి అందులో గుడ్డ లేదు. "అదేంటమ్మా?" అని అతను అడుగుతుంటే, మెట్ల మీదికి అత్తగారి గొంతు స్పష్టంగా వినబడింది.

"నూట నలభై."