వేడికి గీసిన హద్దు

నంద్యాల కాలేజీలో లెక్కలు చెప్పే నతానియేలుకు ఏళ్ల తరబడి కొరుకుడు పడని హద్దు, చివరికి ఆళ్లగడ్డ బస్సులో దొరికింది.

ఎనభై మూడు, ఏప్రిల్. గోళంలా వంపు తిరిగిన తలం మీద ఒకచోట చిటికెడు వేడి పెడితే, అది ఎంతసేపటికి ఎంత దూరంలో ఎంత ఉంటుందో చెప్పేదే హీట్ కెర్నల్. చదును నేల మీద దానికి చక్కని సూత్రం ఉంది. వంపుల మీద ఆ సుఖం లేదు. కనీసం ఇంతకు మించదని హద్దు గీయగలిగితే డాక్టరేటు వస్తుంది, లేదంటే ఇన్నేళ్ల చాకిరీ గంగపాలే. థీసిస్ ఇవ్వడానికి సోమవారం ఆఖరు. శిరివెళ్ల దాటాక ఆ హద్దు టక్కున తట్టింది.

ఇంకేముంది, మనవాడి కాళ్లు నేల మీద ఆనలేదు! పెండ్లిచూపులకని తీసుకెళ్తున్న జిలేబీ పొట్లం విప్పి బస్సంతా పంచేశాడు.

"ఏందిరా ఇదీ! పిల్లను చూడకముందే తీపి పంచుతాండావ్?" అని తల్లి హన్నమ్మ తల పట్టుకుంది.

ఆళ్లగడ్డలో పిల్ల తండ్రి బాలస్వామి ఇంట్లో ప్రార్థన అయింది. పిల్ల కృపమ్మ కీర్తన పాడింది. ఎమ్మెస్సీ చదివి హైస్కూల్లో లెక్కలు చెప్తోంది.

"ఏమన్నా అడగాలంటే అడుగప్పా" అన్నాడు బాలస్వామి.

నతానియేలు అడిగిందేమీ లేదు. తన హద్దు మొత్తం చెప్పుకొచ్చాడు. కృపమ్మ విని, బల్ల మీది గ్లోబు అందుకుంది.

"సార్, దీనికి యాడా సందు లేదు. ఈడ పెట్టిన వేడి యాడికి పోతాది?"

"యాడికీ పోదు. అంతటా పరుచుకుంటాది."

"మీ హద్దు ప్రకారం కాలం పోనుపోను అంతటా సున్నా అయితాది గదా. మరి ఆ వేడిని మింగిందెవురు?"

నతానియేలు నెత్తి కొట్టుకున్నాడు. నిజమే! చదును నేల ధ్యాసలో పడి, గోళానికి కొంచెమే చోటుందన్న సంగతే మరిచాడు. కొడుకు మొహం చూసి సంబంధం చెడిందనుకుంది హన్నమ్మ.

కృపమ్మ గ్లోబు మీద వేలితో చిన్న సున్నా చుట్టింది, దాని చుట్టూ ఇంకొంచెం పెద్దది. "వేడి ఇట్ల పాకుతాది. గ్లోబంతా నిండినాక ఇంక యాడికి పెరుగుతాది?"

నతానియేలు ఎగిరి లేచాడు. వాళ్లు పెట్టిన ఉప్మా ప్లేటు ఒళ్లోంచి నేలపాలైంది. "కాలంతో కాదు, వేడి ఎంత తావు పట్టిందో దాంతో భాగించల్ల! తావు నిండినాక హద్దు ఇంక దిగదు! సున్నా కాదు, సున్నా కాదు!"

పెద్దలు బిత్తరపోయారు. కృపమ్మకు నవ్వాగలేదు. అంత అందమైన నవ్వు నతానియేలు ఎక్కడా చూడలేదు.

"సోమవారం దాకా టైముంది గదా" అంది కృపమ్మ. "ఆదివారం ఆరాధన అయినాక నంద్యాలకు నేనొస్తా. ఇద్దరం కూచోని సరిచూద్దాం."

"పెండ్లి గాకముందే అత్తగారింటికా!" అన్నాడు బాలస్వామి.

కృపమ్మ ఆ మాటను కాదనలేదు.

"అయ్యో, ఇప్పుడు పంచుదామంటే ఒక్క జిలేబీ మిగల్లేదే!" అంది హన్నమ్మ.